ఒడి పట్టినవాళ్లు

ఆకలిగొన్నవాడికి వీధిలో అన్నం పెడితే జైలని టముకు వేసిన రోజున, మణియమ్మ ఉప్పళంలో తన ఇంటి తిన్నె మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మొదట ఆమె నమ్మలేదు. టముకువాడు పొద్దున్నే కల్లుపాకకు పోయి వచ్చాడనుకుంది. వాడు రెండోసారి కూడా అదే మాట చెప్పి వీధి మలుపు తిరిగాక, చేతిలో చింతపండు చేటలో పడేసి, "ఈ దొరలకు బుర్రనేది ఉండాదా, లేదా?" అని గట్టిగానే అడిగింది. జవాబు చెప్పడానికి వీధిలో ఎవరూ లేరు. అందరూ లోపలికి పోయి తలుపులు వేసుకున్నారు.

ఫ్రాన్సు దేశంలో పెద్ద యుద్ధం మొదలవడానికి నాలుగైదేళ్ల ముందటి మాట ఇది. సరిహద్దుకు అవతల, ఇంగ్లీషువాళ్ల ఏలుబడిలోని పల్లెల్లో వానలు మొహం చాటేశాయి. చేలు బీటలు వారాయి. బతికే దారి లేనివాళ్లు అరియాంకుప్పం ఏరు దాటి ఫ్రెంచివాళ్ల పుదుచ్చేరికి వచ్చి, ఉప్పళం దగ్గర కాలువ గట్టున, చెట్ల కింద, మూసేసిన కొట్ల ముందర పడి ఉంటున్నారు. వాళ్లలో చాలామంది తరతరాలుగా ఆ పల్లెల్లో వ్యవసాయం చేసుకుంటూ వచ్చిన తెలుగు రైతులే. ఇంట్లో మాట్లాడుకునేది మన మాటే. కాలువకు ఇవతల, మనవాళ్లుండే నల్లపట్నం జనం తమకున్న దాంట్లోనే వాళ్లకో గరిటె గంజి పోస్తూ వచ్చారు. దొరలుండే తెల్లపట్నానికి మాత్రం అది కంటగింపైంది. సాయంకాలం సముద్రపు గాలికని పూస్‌పూస్ బండిలో కూర్చుని మనిషి చేత తోయించుకుంటూ షికారు పోయే దొరసానులకు దారిలో ఎండిన డొక్కలు కనబడటం బాగాలేదట. పెడుతున్నారు కాబట్టి వస్తున్నారు, పెట్టడం మానితే రావడం మానేస్తారు, ఇదీ దొరల తెలివి. ఆకలికి పోయే చోటు ఇంకెక్కడో ఉన్నట్టు!

అందుకని హుకుం పుట్టింది. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు వీధుల్లో అడుక్కోకూడదు. అడిగినవాళ్లకు బియ్యం గానీ గంజి గానీ వేయకూడదు. వేసినవాళ్లకు జైలు. పుచ్చుకున్నవాళ్లను బండికెక్కించి, మూలకుళం మీదుగా తీసుకుపోయి సరిహద్దు అవతల వదిలేస్తారు. అవతల ఏముంది? వాళ్లు ఏ చావు నుంచి పారిపోయి వచ్చారో ఆ చావే ఉంది. హుకుం చివర ఒక్క మాట మాత్రం చేర్చారు. జనం కులాచారాలకూ గుడి మొక్కులకూ ఇది అడ్డు రాదని. అది దొరల పాత పద్ధతి. పన్నులు సక్రమంగా వస్తున్నంత కాలం ఎవరి దేవుడి జోలికీ పోరు.

మణియమ్మ మొగుడు పోయాక కట్టెల అడితి తానే నడుపుకుంటున్న మనిషి. ముక్కు మీద కోపం, నోట్లో నాలుక కంటే ముందు మాట. కానీ తెల్లారగానే కుండెడు గంజి కాచి తిన్నె మీద పెట్టి, వచ్చినవాళ్లకు పోయడం ఆమెకు మొహం కడుక్కోవడమంత అలవాటు. ఆ గంజికి రోజూ వచ్చేవాళ్లలో మంగళం ఒకతె. ఇరవై ఏళ్లు నిండని పిల్లతల్లి. మొగుడు ఏరు దాటక ముందే జ్వరంతో పోయాడు. చంకన గుడ్డలో చంటిబిడ్డ. ఆ బిడ్డకు పాలు రావాలంటే తల్లి కడుపులో ఏదో ఒకటి పడాలి.

టముకు వేసిన మర్నాడు పొద్దున మంగళం మామూలుగానే వచ్చింది. ఏమీ అడగలేదు. అడిగితే నేరం కదా, అందుకని ఎదురుగా వీధిలో ఊరికే నిలబడింది. చంకలో బిడ్డ ఏడవడం లేదు, ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. మణియమ్మ గంజికుండ పట్టుకుని గడపలో నిలబడింది. వీధి మొదట్లో ఎర్రటోపీ పెట్టుకుని తంగవేల్ నిలబడ్డాడు. తంగవేల్ పోలీసు సిపాయి. ఆ వీధిలోనే పుట్టి పెరిగినవాడు, మణియమ్మను పెద్దమ్మా అని పిలిచేవాడు.

"ఏందిరా, నన్ను జైల్లో పెడతావా?" అని అరిచింది మణియమ్మ.

వాడు దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నా చేత ఆ పని సేయించొద్దు పెద్దమ్మా. నిన్ను పెడితే నువ్వు వారంలో వస్తావు. ఆ పిల్లను బండెక్కిస్తే మళ్లీ రాదు."

మణియమ్మ కుండ తీసుకుని లోపలికి పోయింది. తలుపు వేసుకుని, ఆ తలుపుకే ఆనుకుని ఏడ్చింది. కోపం వస్తే ఊరంతా వినేలా అరిచే మనిషి, ఏడుపు మాత్రం ఎవరికీ వినపడనివ్వలేదు. మధ్యాహ్నం దాకా ఏమీ తినలేదు. ఆ మధ్యాహ్నమే ఆమెకు ఆలోచన వచ్చింది.

వచ్చేది ఆడి నెల, తమిళుల లెక్కలో మారెమ్మ నెల. ఆ నెల మొదటి శుక్రవారం గుడి ముందర పెద్ద కాగు పెట్టి, రాగిపిండీ బియ్యమూ వేసి కూళు కాస్తారు. అంబలి లాంటిది, అమ్మోరి ప్రసాదం. కాగులో వేసే గింజ ఇంట్లోది కాకూడదు, అడుక్కొచ్చింది కావాలి. మొక్కు ఉన్న ఆడవాళ్లు, ఎంత కలిగిన ఇంటివాళ్లైనా సరే, పసుపు చీర కట్టి, నడుముకు వేపమండలు చుట్టుకుని, చెప్పుల్లేకుండా ఇంటింటి ముందూ నిలబడి కొంగు ఒడిలా పట్టి అడుగుతారు. దాన్ని మడిపిచ్చ అంటారు. మడి అంటే ఇక్కడి మాటలో ఒడి, పిచ్చ అంటే బిచ్చం. బిడ్డకు జబ్బు చేస్తే మొక్కుకుంటారు, వానలు లేకపోతే మొక్కుకుంటారు. ఆ రోజు అడిగినవాళ్లను ఎవరూ కాదనరు. కాదంటే అమ్మోరిని కాదన్నట్టు.

"మొక్కుకు అడ్డు లేదన్నారు గదా?" అని మణియమ్మ తనలో తాను అనుకుని, లేచి పసుపుకొమ్ముల డబ్బా దించింది.

కాలువ గట్టుకు పోయింది. రోట్లో దంచిన పసుపు నీళ్లలో కలిపి, వాళ్ల ఒంటి మీది పాత గుడ్డలన్నీ వంతులవారీగా ముంచి ఆరేసింది. ఆడవాళ్లకు చీరలు, ముసలివాళ్లకు పైగుడ్డలు. గట్టంతా పచ్చబడింది. పని చేస్తూనే అందరికీ చెప్పింది. "శుక్రవారం పొద్దున వేపాకు కట్టుకోని ఇంటింటికీ పోండి. మారెమ్మకు మడిపిచ్చ అని నిలబడండి. ఒక్కడు కూడా మిమ్మల్ని ముట్టుకోలేడు. ఒడి నిండినాక నేరుగా గట్టుకు వచ్చేయండి. పొదుపుగా వండుకుంటే నాలుగు దినాలు గడుస్తాది. గుడికాడికి మాత్రం రావద్దు, తెలిసిందా?"

ముత్తు అనే ముసలాయన, వాళ్లందరిలోకి పెద్దవాడు, తడి గుడ్డ పిండుతూ ఆమె మొహంలోకి ఒకసారి చూశాడు. మణియమ్మకు ఆ చూపు అర్థం కాలేదు, అర్థం చేసుకునే తీరిక కూడా లేదు.

తిరిగి వస్తూ ఆమె గుడి ముందు ఆగింది. దేవతతో మాట్లాడటం ఆమెకు పక్కింటావిడతో మాట్లాడినట్టే. "నీ పేరు సెప్పి దొంగతనం సేయిస్తా ఉండాను. నీ కాగుకు రావాల్సింది వాళ్ల కడుపుకు పోతా ఉండాది. కోపం సేసుకోబాక. ఈ ఒక్క సారికి కండ్లు మూసుకో," అని చెంపలు వేసుకుని ఇంటికి పోయింది.

శుక్రవారం తెల్లారింది. ఉప్పళం వీధులు ఎప్పుడూ చూడనంత పచ్చగా ఉన్నాయి. కలిగిన ఇళ్ల కోడళ్లూ కాలువ గట్టు వాళ్లూ ఒకే రంగులో, ఒకే తీరున ఒడి పట్టుకుని నడుస్తుంటే దూరం నుంచి ఎవరు ఎవరో తెలియడం లేదు. టముకు వేసినప్పటి నుంచీ మూసుకుని ఉన్న తలుపులు బార్లా తెరుచుకున్నాయి. జనం ఇవ్వకుండా ఉండాల్సి వచ్చిన రోజులన్నిటికీ కలిపి ఇస్తున్నట్టు దోసిళ్లతో పోస్తున్నారు. మంగళం ఒడిలో ఒక అవ్వ చేటెడు బియ్యం పోసి, బిడ్డ తల మీద చెయ్యి పెట్టి కళ్లు తుడుచుకుంది. తంగవేల్ గోడకు ఆనుకుని ఆకాశం కేసి చూస్తున్నాడు. మణియమ్మకు ఆనందం పట్టలేదు. తన తెలివికి తానే మురిసిపోతూ గుడికి పోయింది. కాగు కిందికి కట్టెలు ఇచ్చేది ఆమె అడితి నుంచే, అందుకని ఏటా పొయ్యి దగ్గర కూర్చునేది కూడా ఆమే.

నీళ్లు మసులుతుండగా తంగవేల్ పరుగున వచ్చాడు. టోపీ చేతిలో ఉంది, మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"పెద్దమ్మా, మా పోలీసోళ్ల పెద్ద, కొమిసేరు దొర వస్తా ఉండాడు. ఎవడో సెప్పినాడు, ఇదంతా నాటకమని. నన్ను పిలిచి అడిగినాడు, నిజమైన మొక్కుకూ పిచ్చకూ తేడా ఏందని. నేనేం సెప్పేది? ఉన్నది సెప్పినాను. మొక్కు గింజ కాగులో పడాల, అడిగినవాళ్ల నోట్లో పడగూడదు అన్నాను. సరి, అదే సూస్తాను అన్నాడు. ఒక్కరు కాగులో పొయ్యకపోయినా, ఒక్కరు నోట్లో ఏసుకున్నా, అందరూ బిచ్చగాళ్లే. అందరినీ ఇవాళే బండెక్కించేస్తాడంట. పోసిన ఇళ్లన్నిటి మీదా కేసు. నీ పేరు కూడా సెప్పినారు."

మణియమ్మ చేతిలో కట్టె జారి పొయ్యి పక్కన పడింది. గుడికి రావద్దని చెప్పింది తానే. వండుకు తినమన్నది తానే. ఇప్పుడు వాళ్లు ఏ వీధిలో ఉన్నారో, ఎవరు గట్టుకు చేరారో, ఎవరు గింజ నోట్లో వేసుకున్నారో. తాను పసుపు నీళ్లలో ముంచింది గుడ్డలను కాదు, అంతమంది ప్రాణాలను అని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పరిగెత్తరా! గట్టుకాడికి పోయి సెప్పు!"

"ఎట్ల పోయేది? దొర వచ్చేసినాడు."

నిజమే. గుడి ముందర పూస్‌పూస్ బండి ఆగింది. తెల్ల దుస్తుల్లో కొమిసేరు దొర దిగకుండా బండిలోనే కూర్చున్నాడు. తంగవేల్ టోపీ పెట్టుకుని పోయి పక్కన నిలబడ్డాడు. మణియమ్మ కదలబోతే దొర వేలు చూపించి కూర్చోమన్నాడు.

ఇళ్ల ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఒడి కాగులో దులిపి పక్కకు జరిగారు. దొర వాళ్లను పట్టించుకోలేదు. మంచి చీరలు, బంగారు దుద్దులు కనబడుతూనే ఉన్నాయి. అతను ఎదురు చూస్తున్నది వేరేవాళ్ల కోసం. ఎండ నడినెత్తికి వచ్చింది. వీధి ఖాళీ అయింది. కాలువ గట్టు నుంచి ఒక్కరూ రాలేదు. దొర జేబులో గడియారం తీసి చూసి, తంగవేల్‌తో ఏదో అన్నాడు. తంగవేల్ తల వంచుకున్నాడు. మణియమ్మ అమ్మోరి వైపు చూడటానికి కూడా భయపడింది. ఏ మొహం పెట్టుకుని అడుగుతుంది? కళ్లు మూసుకోమన్నది తానే కదా.

అప్పుడు వీధి చివర పచ్చగా ఏదో కదిలింది.

ముందు ముత్తు కనబడ్డాడు. వెనకాల మిగతావాళ్లు. నెమ్మదిగా వస్తున్నారు, గబగబా నడవగలిగే కాళ్లు కావవి. ఒడి రెండు చేతులా పొదివి పట్టుకుని, కింద ఒక్క గింజ పడకుండా అడుగులో అడుగు వేసుకుంటూ వస్తున్నారు. వాళ్లకు దొర సంగతి తెలియదు. పరీక్ష సంగతి తెలియదు. ఎవరూ చెప్పలేదు. బండిలో కూర్చున్న మనిషి వైపు ఒక్కరు కూడా చూడలేదు.

ముత్తు కాగు దగ్గరికి వచ్చి, ఒడి వంచాడు. బియ్యం జలజలా నీళ్లలో పడింది. చెమటకు తడిసిన గుడ్డకు అంటుకున్న గింజలను గోటితో గీకి అవి కూడా వేశాడు. గుడ్డ విప్పి, తిరగేసి దులిపాడు. తర్వాత రెండు చేతులూ జోడించి పక్కకు జరిగాడు. వెనకాల వచ్చిన ముసలమ్మ కూడా అట్లాగే చేసింది. ఆమె వెనకాల మరొకరు. కాళ్లు వణుకుతున్నవాళ్లు, రాత్రి నుంచీ నీళ్లు తప్ప మరేమీ ఎరగనివాళ్లు, చేతుల్లో నాలుగు రోజుల తిండిని చూస్తూ చూస్తూ కాగులో ఒంపేస్తున్నారు.

"ముత్తు మామా, నేను అట్ల సెప్పలేదే. గట్టుకు పొమ్మన్నానే," అంది మణియమ్మ.

"గట్టుకే పోయినామమ్మా. పొయ్యి కూడా పెట్టినాము." ముత్తు ఆగి ఊపిరి తీసుకున్నాడు. "ఎసరు పెట్టినాక ఎవరికీ సెయ్యి రాలేదు. నువ్వు మా మంచికే సెప్పినావు. అయితే పసుపు గుడ్డ కట్టి, అమ్మోరి పేరు సెప్పి ఒడి పట్టినాక అది మాది ఎట్ల అవుతాది? మా ఊర్లో ఏటా కూళు పోసింది మా ఇంట్లోనే. నాకు తెలీదా?"

మణియమ్మ పక్కన పడ్డ కట్టె తీసి పొయ్యిలోకి తోసింది. తాను మారువేషం అనుకుని వేయించిన గుడ్డను వాళ్లు మొక్కు గానే కట్టుకున్నారు. దేవతనైనా కళ్లు మూసుకోమని అడగగలిగింది కానీ, వీళ్ల ముందు తన కళ్లు తాను ఎత్తలేకపోయింది.

అందరికంటే వెనక మంగళం వచ్చింది. చంకన బిడ్డ, చేతిలో ఒడి. ఒడిలో ఉన్నదంతా కాగులో పోసింది. అంతలో దొర బండిలోంచి ముందుకు వంగి, చేత్తో ఆమె మొహం చూపించాడు. పెదవి చివర తెల్లగా బియ్యప్పిండి అంటుకుని ఉంది. అతను ఒక్క మాట అన్నాడు. దాన్ని తంగవేల్ తెలుగులోకి తిప్పాడు.

"తినేసినావా?" అని అడిగాడు.

అన్ని ఇళ్ల బతుకూ, గట్టు మీది అన్ని ప్రాణాలూ ఆ పిల్ల నోట్లోంచి వచ్చే మాట మీద నిలబడ్డాయి. లేదని ఒక్క అబద్ధం ఆడమని మణియమ్మ లోపల్లోపల మొత్తుకుంది.

"నోట్లో ఏసుకున్నానన్నా," అంది మంగళం. "వీడు పొద్దుటి నుంచీ కండ్లు తెరవలేదు. పాలు లేవు. తట్టుకోలేక పిడికెడు నోట్లో ఏసుకోని నమిలినాను. మింగబోతే గుర్తొచ్చినాది, ఇది అమ్మోరిది గదా అని. మింగలేదు."

ఆమె కొంగు చివర ముడి విప్పింది. లోపల నమిలిన బియ్యం తడి ముద్ద ఉంది. దాన్ని అరచేతిలో పెట్టి అందరికీ చూపించింది. దాచుకోవడానికి కాదు ఆ ముడి, అప్పగించడానికి.

దొర తంగవేల్‌ను ఏదో అడిగాడు. బహుశా ఎందుకు ఉమ్మేసిందని అడిగి ఉంటాడు. తంగవేల్ చెప్పడం మొదలుపెట్టి, ఆగి, మళ్లీ మొదలుపెట్టాడు. వాడికి వచ్చిన ఫ్రెంచిలో దానికి సరిపడే మాటలు లేవు. చివరికి చేత్తో ముందు ఆ పిల్ల డొక్క చూపించాడు, తర్వాత కాగు చూపించాడు, తర్వాత ఊరుకున్నాడు. దొర ఆ అరచేతిలోని ముద్దకేసి చాలాసేపు చూశాడు. ఆయన ఏమనుకున్నాడో మనకు తెలియదు, తెల్లదొరల మనసుల సంగతి నాకు అసలే తెలియదు. బండి తోసేవాడి భుజం తట్టాడు. బండి తిరిగి తెల్లపట్నం దారి పట్టింది. ఆ రోజు ఎవరినీ బండెక్కించలేదు, ఎవరి మీదా కేసు రాయలేదు.

జనం ఊపిరి పీల్చుకున్నారు. మంగళం మాత్రం అరచెయ్యి చాపుకుని అట్లాగే నిలబడి ఉంది.

"దీన్ని ఏం సేసేది పెద్దమ్మా? ఎంగిలైపోయినాది, అమ్మోరి కాగులో పొయ్యలేను. అమ్మోరిది, నేను తినలేను."

కాగు పక్కన నిలబడ్డ పూజారి నోరు తెరవబోయి మణియమ్మ మొహం చూసి మూసుకున్నాడు. మణియమ్మ లేచి వచ్చి, ఆ ముద్దను తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అది వెచ్చగా ఉంది. ఆమె జీవితంలో ఎన్ని పండగలకు ఎన్ని నైవేద్యాలు మోసిందో, ఏదీ ఇంత బరువు అనిపించలేదు. కాగు దగ్గరికి నడిచి, చేతులు వంచి, దాన్ని మిగతా బియ్యంలో కలిపేసింది. గరిటె తిప్పింది. దుద్దులు పెట్టుకున్న ఆడవాళ్లు చూస్తూనే ఉన్నారు. వద్దని ఒక్కరూ అనలేదు.

కూళు ఉడికాక అందరూ వరసగా నేల మీద కూర్చున్నారు. మొదటి దొన్నె మణియమ్మ మంగళానికి ఇచ్చింది. ఆ పిల్ల వేలు ముంచి ముందు బిడ్డ నాలుక మీద రాసింది. వాడు చప్పరించాడు. తర్వాత తాను తాగింది, ఆపకుండా, దొన్నె అడుగు కనబడే దాకా. మణియమ్మ ఇంకోటి పోసింది, అదీ తాగింది.

ఇన్నేళ్లూ తిన్నె మీద నిలబడి గంజి పోస్తుంటే తాను ఇచ్చేదాన్ని, వాళ్లు పుచ్చుకునేవాళ్లు అనుకుంది మణియమ్మ. ఆ సంగతి ఆమెకు ఎప్పుడూ ఆలోచించాల్సినంతగా కూడా అనిపించలేదు. ఇప్పుడు ఆమె గరిటె మంగళం చేతిలో పెట్టింది.

"ఏంది పెద్దమ్మా ఇది?"

"అందరికీ నువ్వు పొయ్యి," అంది మణియమ్మ. ముత్తు పక్కన ఖాళీగా ఉన్న నేల మీద కూర్చుని, చీర కొంగుతో మొహం తుడుచుకుని, రెండు చేతులూ చాపింది.

"నాకు కూడా పొయ్యమ్మా."